రేపల్లె లైను ఎంగేజ్

ఇప్పటి పిల్లలకు ఎంగేజ్ టోన్ అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. నల్లటి ఫోను చెవిన పెట్టుకుని నంబరు తిప్పితే, అవతలి లైను ఖాళీ లేకపోతే కుయ్ కుయ్ మని ఒకటే మోత. కాసేపాగి మళ్ళీ చేసుకోవాలి. ముప్పయ్యేళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేను చేసిన వెధవపనులు బోలెడున్నాయి. వాటిలో చాలావాటిని చెప్పి మిమ్మల్ని నవ్వించగలను. ఆ మోత విని సంతోషపడిన రోజు గురించి మాత్రం నవ్వుతూ చెప్పలేను. అయినా చెప్పాలనే కూర్చున్నాను.

ఎనభైల మొదట్లో తెనాలిలో ఒక రైతుల సహకార సంఘంలో టైపిస్టుగా చేరాను. హెడ్డాఫీసు తెనాలి, శాఖలు బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి. విత్తనాలు, పురుగుమందులు అమ్మడం, పంటల మీద సలహాలు చెప్పడం మా పని. తొంభైల్లో మా సంఘానికి కంప్యూటర్లు వచ్చాయి. టైపు వచ్చినవాడికి కంప్యూటరూ వస్తుందని మా పెద్దల నమ్మకం. అలా ఒక సోమవారం పొద్దున నేను కంప్యూటరు ఇంజనీరునైపోయాను. జీతం మాత్రం టైపిస్టుదే.

మా కార్యదర్శిగారి గురించి చెప్పాలి. మనిషి సన్నగా, గీత గీసినట్టు ఉండేవారు. ఏ కాగితం పంపినా చివర "అందినట్టు తెలియజేయవలెను" అని రాయించేవారు. జవాబు రాకపోతే మళ్ళీ కాగితం, దానికీ రాకపోతే మెమో. వెనకాల మేమంతా నవ్వుకునేవాళ్ళం. ఆయన పిచ్చికి ఒక కారణం ఉందని చాలా కాలానికి తెలిసింది. కుర్రతనంలో ఆయన పనిచేసిన ఆఫీసుకు ఒక ఏడాది తుపాను హెచ్చరిక టెలిగ్రాం వచ్చిందట. ఎవరూ విప్పి చూడలేదట. బల్ల మీద అది అలాగే ఉండగానే తుపాను వచ్చి పోయిందట. ఆ మాట ఆయన ఒక్కసారే చెప్పారు, అదీ నేను అడిగితే.

తొంభైల చివర్లో ఆయనే నన్ను పిలిచి, మూడు ఆఫీసుల మధ్య ఉత్తరాలు కంప్యూటరులో వెళ్ళే ఏర్పాటు చేయగలవా అని అడిగారు. చేయగలనన్నాను. అప్పటికి నాకు రాదు. గుంటూరులో ఒక మిత్రుడి దగ్గర సీడీ ఒకటి, జిరాక్సు తీసిన పుస్తకం ఒకటి తెచ్చుకుని, నెలల తరబడి కుస్తీ పట్టి, మెయిలింగ్ లిస్టు సర్వర్ అనేదాన్ని నిలబెట్టాను. మీ వాట్సాప్ గ్రూపుకు ముత్తాత అనుకోండి. ఎవరైనా ఒక ఉత్తరం లిస్టుకు పంపితే తెనాలి మిషను దాన్ని మిగతా అందరికీ పంచిపెడుతుంది. బాపట్ల, రేపల్లె మిషన్లు మోడెమ్ ద్వారా ఫోనులో తెనాలికి కలుస్తాయి. ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. ఒక్కో శాఖలో ఉన్నది ఒక్కటే ఫోను లైను. మెయిలు నడుస్తున్నంతసేపూ ఆ ఫోను ఎంగేజే.

ఈ లిస్టుతో నిజంగా మేలు జరిగిన పని ఒకటుంది. బాపట్లలో వాతావరణ పరిశీలన ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా శాఖకు వచ్చి కూర్చునేవారు. రేడియోలో "కోస్తా జిల్లాల్లో అక్కడక్కడా జల్లులు" అని ఏడాది పొడుగునా చెబుతూనే ఉంటారు, దాన్నెవరు పట్టించుకుంటారు? ఈయన అలా కాదు. "పనల మీదున్న చేను రేపు సాయంత్రానికి కుప్ప వేసుకోండి" అని రైతు భాషలో నాలుగు వాక్యాలు చెప్పేవారు. కోసిన వరి పొలంలో పనలుగా పరిచి ఉన్నప్పుడు వాన పడితే కొంప మునిగినట్టే. అలాగని పచ్చిగా ఉన్నప్పుడే కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ చెడుతుంది. ఒక్క ఎండ కోసం రైతు ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. పెద్దాయన వాక్యాలను బాపట్ల గుమాస్తా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి లిస్టుకు పంపేవాడు, రేపల్లె అమ్మాయి వాటిని ఆఫీసు బయట బోర్డు మీద సుద్దముక్కతో రాసేది. భట్టిప్రోలు నుంచి కూడా సైకిళ్ళ మీద వచ్చి చూసుకుని వెళ్ళేవారు.

రేపల్లె అమ్మాయంటే అక్కడి శాఖలో ఉన్న ఏకైక గుమాస్తా. పెనుమూడి వైపు ఒక పల్లె. లూథరన్ సంఘానికి చెందిన కుటుంబం, తాతల నాటినుంచీ కూలిపనే. ఆ అమ్మాయిని చదివించింది వాళ్ళన్న. తను బడి మానేసి నాట్లకూ కోతలకూ వెళ్ళి చెల్లెలికి ఫీజు కట్టాడు. ఆ ఏడు అతను మొట్టమొదటిసారి మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. ఆ ఇంట్లో ఇంకొకరి చేలో కాక తమ చేలో కొడవలి పెట్టిన మొదటి మనిషి. కోతకాలపు పండుగకు చర్చిలో అందరూ పనలు తెచ్చి పెడతారు. ఏటా వాళ్ళన్న ఆసామి చేలోంచి అడిగి తెచ్చిన పన పట్టుకెళ్ళేవాడట. "ఈసారి మాదే సార్" అని ఆ అమ్మాయి ఫోనులో ఎన్నిసార్లు చెప్పిందో. నేను కూడా, చేలో పంట నాదే అన్నంతగా, కంకులు ఎలా ఉన్నాయని అడుగుతుండేవాణ్ణి.

ఇక కార్యదర్శిగారు లిస్టునూ వదల్లేదు. లిస్టులో వచ్చే ప్రతి ఉత్తరానికీ అందినట్టు జవాబు రాయాలన్నారు. ఆ జవాబు అందరికీ కనపడాలన్నారు. ఆ కంప్యూటర్లకు తెలుగు అక్షరాలు రావు గనక అందరూ "రిసీవ్డ్ విత్ థాంక్స్" అని కొట్టేవారు. రోజుకు ఎన్ని ఉత్తరాలొస్తే అన్నిసార్లు. రేపల్లె అమ్మాయి ఒకవైపు విత్తనాల బిల్లులు రాసుకుంటూ, మరోవైపు థాంక్సులు కొట్టుకుంటూ సతమతమైపోయేది. ఒకరోజు ఫోనులో, "సార్, దీనికి మిషనే జవాబు చెప్పేలాగా ఏదైనా ఉంటే చూడండి సార్. కౌంటర్లో రైతులు నిలబడి ఉంటున్నారండి" అంది.

అదెంత పని అనుకున్నాను. మరుసటి వారమే రేపల్లె వెళ్ళి, ఏ ఉత్తరం వచ్చినా మిషనే దాన్ని కింద అతికించి, పైన "రిసీవ్డ్ విత్ థాంక్స్" అని చేర్చి లిస్టుకు పంపే ఏర్పాటు చేశాను. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తిరుగు ప్రయాణంలో రైల్లో తినమని అరిసెలు పొట్లం కట్టి ఇచ్చింది. ఆ అరిసెల రుచి ఇప్పటికీ గుర్తుంది, అదే నా బాధ.

మొదట్లో చిన్న చిక్కు వచ్చింది. నా సర్వర్లో ఒక కాపలా ఉండేది. ఒకే రకం జవాబు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఇదేదో మిషన్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్న గోల అనుకుని పంచిపెట్టకుండా ఆపేసేది. మా థాంక్సులన్నీ ఒకేలా ఉంటాయి కదా, వాటినీ ఆపేసింది. రేపల్లె నుంచి జవాబులు రావడం లేదేమని కార్యదర్శిగారు నిలదీశారు. నేను సెట్టింగుల ఫైలు తెరిచి, ఆ కాపలా ఉన్న వరుస ముందు ఒక చిన్న గుర్తు పెట్టాను. ఆ గుర్తు పెడితే ఆ వరుస ఉన్నా లేనట్టే. జవాబులు మళ్ళీ రావడం మొదలైంది. ఆ కాపలా ఎందుకు పెట్టి ఉంటారని ఒక్క నిమిషం ఆలోచించలేదు. పుస్తకంలో ఆ పేజీ ఇంగ్లీషు మరీ కఠినంగా ఉందని తిప్పేశాను.

అంతా బాగానే నడిచింది, రేపల్లె ఒక్కదాంట్లోనే ఆ ఏర్పాటు ఉన్నంత కాలం. బాపట్ల గుమాస్తా ఊరుకుంటాడా? మంచివాడు, మాటకారి, ఒకరికి ఉన్నది తనకు లేకపోతే నిద్రపట్టదు. "గురువుగారూ, ఆ అమ్మాయికైతే మిషను, నాకైతే వేళ్ళా?" అని దెప్పడం మొదలుపెట్టాడు. కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం బాపట్ల వెళ్ళి అతనికీ పెట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున గుంటూరు నుంచి పెద్దలు కొందరు మా ఏర్పాటు చూడడానికి వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. కార్యదర్శిగారు వాళ్ళ ఎదుట లిస్టుకు స్వాగతం చెబుతూ ఒక ఉత్తరం పంపించారు. కాసేపటికి రేపల్లె నుంచి జవాబు, బాపట్ల నుంచి జవాబు. పెద్దలు తలలూపారు. మోడెముల మీద ఎర్రలైట్లు టకటకా వెలిగి ఆరుతున్నాయి, ఆగడం లేదు. ఒకాయన అడిగితే, "శాఖల్లో పని ఒత్తిడి ఎక్కువండి" అన్నాను. నా గొంతులో ఎంత గర్వముందో నాకే వినపడింది.

అసలు జరుగుతున్నది ఇది. రేపల్లె పంపిన థాంక్సు బాపట్లకు చేరింది. బాపట్ల మిషను ఆ థాంక్సుకు థాంక్సు చెప్పింది. అది రేపల్లెకు వెళితే రేపల్లె మళ్ళీ చెప్పింది. ప్రతిసారీ పాత ఉత్తరమంతా కింద అతుక్కుని కొత్తది ఇంకా పెద్దదవుతోంది. ఆ రోజుల ఫోను లైన్లలో చిన్న ఉత్తరం వెళ్ళడానికే సమయం పట్టేది. ఇవి ఉబ్బిపోయి ఉబ్బిపోయి లైనును నింపేశాయి.

మధ్యాహ్నానికి బాపట్ల గుమాస్తా ఎస్టీడీ బూత్ నుంచి మా ఆఫీసు ఫోనుకు చేశాడు. పెద్దాయన గట్టిగా చెప్పారట, రేపటికని అనుకున్న వాన ఇవాళ చీకటి పడేసరికే వచ్చేలా ఉంది, పనలన్నీ వెంటనే కుప్ప వేయించమని. ఉత్తరం పంపేశాను, రేపల్లెకు చేరిందో లేదో పెద్దాయన కనుక్కోమంటున్నారు అన్నాడు. చూస్తే బాపట్ల ఉత్తరం మా సర్వర్‌కు వచ్చే ఉంది. నేను రేపల్లెకు ఫోను చేశాను.

ఎంగేజ్.

ఆ క్షణం నాకు బాగా గుర్తు. రేపల్లె ఫోను ఎంగేజ్ ఉందంటే మోడెమ్ నడుస్తోందన్నమాట, మోడెమ్ నడుస్తోందంటే హెచ్చరిక వెళుతోందన్నమాట. ఇదీ నా లెక్క. కూతురు అత్తారింటికి చేరిందని కబురందిన తండ్రిలా నిశ్చింతగా ఫోను పెట్టేశాను. పెద్దలకు టిఫిన్ పెట్టించాలి, కాఫీలు చెప్పాలి. మధ్యలో ఇంకోసారి చేస్తే మళ్ళీ అదే మోత. "అమ్మాయి పనిలో ఉంది" అని పక్కవాళ్ళతో అన్నాను కూడా.

వచ్చినవాళ్ళు సాయంత్రం కారెక్కాక గాని నేను మళ్ళీ మిషను ముందు కూర్చోలేదు. రేపల్లెకు వెళ్ళాల్సిన ఉత్తరాల వరుసలో ముందు నిలబడి ఉన్నవి థాంక్సులు, వాటి వెనక థాంక్సులు, వాటి వెనకాల ఎక్కడో పెద్దాయన రాయించిన నాలుగు వాక్యాలు. మోడెమ్ తీగ పీకేసి రేపల్లెకు ఫోను చేశాను. ఈసారి మోగింది. మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. పక్కనున్న కిరాణా కొట్టుకు చేస్తే, అమ్మాయి తాళం వేసుకుని ఇప్పుడే బస్సెక్కింది, ఏమైనా చెప్పాలాండి అన్నాడు కొట్టాయన. చెప్పాను. రేపు పొద్దున చెబుతాలెండి అన్నాడు. నేనింకేమీ అనకముందే మా ఆఫీసు కిటికీ తలుపు గాలికి టపటపా కొట్టుకుంది.

మర్నాడు మొదటి రైలుకే రేపల్లె వెళ్ళాను. వాన కురుస్తూనే ఉంది. భట్టిప్రోలు దాటాక కిటికీలోంచి చూడబుద్ధి కాలేదు. కొన్ని చేలల్లో కుప్పలు వేసి ఉన్నాయి, ఆకాశం చూసి ఎవరి తెలివితో వాళ్ళు బయటపడ్డవాళ్ళవి. మిగతా చేలల్లో పనలు నీళ్ళలో మునిగి ఉన్నాయి.

ఆ అమ్మాయి వేళకే ఆఫీసుకు వచ్చి ఉంది. చీర కుచ్చిళ్ళు తడిసి బురదయ్యాయి. నేను ముందురోజు సాయంత్రమే ఆ థాంక్సులన్నీ తీసేసి దారి శుభ్రం చేశాను గనక, పొద్దున మిషను పెట్టగానే హెచ్చరిక వచ్చిందట. తెర మీద అదే ఉంది. "ఇవాళ చీకటి పడేలోగా పనలన్నీ కుప్ప వేసుకోవలెను." దాని కింద మా మిషను తనంతట తనే పంపిన జవాబు. రిసీవ్డ్ విత్ థాంక్స్.

గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ అమ్మాయే మాట్లాడింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నిన్న పొద్దున్నే మా అన్నయ్య వచ్చాడు సార్. గాలి తిరిగింది, కుప్ప వేసేస్తానన్నాడు. ఇంకా పచ్చిగా ఉంది కదా, మా మిషన్లో వాన కబురేమీ రాలేదు, ఒక్క ఎండ ఆగమన్నానండి. పోనీ ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. లైను ఖాళీ లేదు, ఏదో పెద్ద మెయిల్ వస్తోంది, ఆ కబురే అయ్యుంటుంది అన్నాను. నా మాట మీద కూలోళ్ళను తిప్పి పంపేసి, సాయంత్రం దాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాడండి."

నేను తెనాలిలో ఏమనుకున్నానో ఆ అమ్మాయి రేపల్లెలో అదే అనుకుంది. ఇద్దరికీ ఆ మోడెమ్ లైటు మీద అంత నమ్మకం. ఆ నమ్మకం ఆ అమ్మాయికి నేర్పింది నేనే కదా. "లైటు కొట్టుకుంటుంటే భయం లేదమ్మా, కబురు వస్తున్నట్టే" అని మొదటిరోజే చెప్పాను.

చేను దగ్గరకు వెళదామన్నాను. వద్దంది. నేను వెళ్ళాను. వాళ్ళన్న గట్టు మీద గోనె సంచి నెత్తిన కప్పుకుని నిలబడ్డాడు. నేనెవరో చెప్పాక చేతులు జోడించాడు. తప్పు నా మిషనుదేనయ్యా, మీ చెల్లెలిది కాదని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. "మీరేం చేస్తారండి, మిషను కదా" అన్నాడు. చెల్లెలి గురించి ఒక్క మాట అనలేదు. నన్నైనా గట్టిగా అంటాడేమో అని ఎదురుచూశాను. తిట్టినా బాగుండునని ఉద్యోగంలో అనిపించిన రోజు అదొక్కటే.

వాన తెరిపి ఇచ్చేసరికి పనల మీదే మొలకలొచ్చాయి. దక్కిన గింజ రంగు మారింది, కొనేవాడు ముఖం చిట్లించాడు. ఆసామికి కొలవాల్సింది కొలిచాక ఇంటికి చేరింది లేదు. మరుసటి ఏడు ఆ పొలం వేరొకరికి పోయింది, అతను మళ్ళీ కొడవలి పట్టుకుని ఇతరుల చేలల్లోకి వెళ్ళాడు. కోతకాలపు పండుగకు పన తీసుకెళ్ళాడా అని నేను అడగలేకపోయాను. సంఘం తరఫున ఏదైనా చేయమని కార్యదర్శిగారిని అడిగాను. సానుభూతి తీర్మానం ఒకటి చేశారు.

కార్యదర్శిగారికి అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. సంజాయిషీ అడగలేదు. బల్ల మీద పేపరువెయిటు తిప్పుతూ, "అప్పుడు వచ్చినదాన్ని విప్పలేదు. ఇప్పుడు విప్పడానికి కూర్చున్నవాళ్ళకు రానివ్వలేదు" అన్నారు. ఆయన అంత నీరసపడడం నేను ఎప్పుడూ చూడలేదు. మర్నాడు సర్క్యులర్ వేశారు, ఇకమీదట లిస్టు ఉత్తరాలకు అందినట్టు జవాబు రాయనవసరం లేదని. దానికి బాపట్ల నుంచి వెంటనే జవాబొచ్చింది, సర్క్యులర్ అందిందని. నేను ఆ గుర్తు చెరిపి కాపలాను మళ్ళీ నిలబెట్టాను. హెచ్చరికలు మాత్రం మెయిలుతో పాటు ఫోనులో కూడా చదివి వినిపించడం మొదలుపెట్టాం. అవతలివాళ్ళు మాట మాటా తిరిగి అప్పజెప్పాలి. రేపల్లె అమ్మాయి అప్పజెప్పేటప్పుడు ఒక్క మాట కూడా వదిలేది కాదు. అప్పజెప్పడం అయ్యాక ఇదివరకులా కబుర్లు చెప్పేది కాదు, ఫోను పెట్టేసేది.

మీలో చాలామంది నాకంటే వెయ్యిరెట్లు పెద్ద మిషన్లు నడుపుతున్నారు. నాకు అర్థంకాని వరుస నోరు నేను మూయించాను, దాన్ని అక్కడ పెట్టినవాడికి ఏదో ఒక వాన అనుభవం ఉండే ఉంటుంది. ఇంతకంటే పాఠం చెప్పే అర్హత నాకు లేదు.

నా రిటైర్మెంటు రోజున తెనాలి ఆఫీసులో సభ పెట్టారు. శాలువా కప్పారు, నేను కంప్యూటర్లు తెచ్చి రైతులకు చేసిన సేవ గురించి ఎవరెవరో మాట్లాడారు. రేపల్లె అమ్మాయి కూడా వచ్చింది. అమ్మాయంటున్నాను గాని అప్పటికి తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి, తనూ పెద్ద గుమాస్తా అయింది. సభ అయ్యాక బస్సుకు వెళ్ళబోతూ నా దగ్గరకొచ్చి నిలబడింది. ఇన్నేళ్ళుగా నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అప్పుడు అడిగాను, అన్నయ్య ఎలా ఉన్నాడమ్మా అని.

"బాగున్నాడండి. ఇప్పుడు ఒకటిన్నరెకరం కౌలు చేస్తున్నాడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. పోనీలే, మళ్ళీ చేస్తున్నాడన్నమాట అన్నాను. మరి కోతలప్పుడు మన బోర్డు చూసుకుంటాడా అని అడిగేశాను, నోరు ఊరుకోక.

ఆ అమ్మాయి చేతిసంచి సర్దుకుంది.

"రోజూ మా ఆఫీసు ముందునుంచే వెళతాడు సార్. ఆకాశం చూసుకుంటాడు. నన్ను అడగడు."